కింది పేరు ఉంచు

గంట ఒకసారి మోగితే టీ, రెండుసార్లు మోగితే బోర్డు. పన్నెండేళ్ళుగా నా ఉద్యోగం ఇంతే. ఒకసారి మోగి ఇరవై నిమిషాలైంది, టీ ఇచ్చి వచ్చాను, రెండుసార్లు ఇంకా మోగలేదు. కెటిల్ కింద మంట సన్నం చేసి ఈ స్టూలు మీద కూర్చున్నాను. మోకాలి మీద తడిపి పిండిన గుడ్డ. గోడకి అవతల ఐదుగురు మగవాళ్ళు. గోడ పలచనిది, ఒకాయన దగ్గు, ఒకాయన నవ్వు, కుర్చీ జరిగిన చప్పుడు అన్నీ ఇటు వస్తాయి, నాకు కావలసిన మాట ఒక్కటి మాత్రం రావడం లేదు. ఇందాక లోపలికి వెళ్ళినప్పుడు బోర్డు మీద మూడు పేర్లు ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, పెద్దాయన చేతిరాత, సుద్దముక్క విరిగేలా నొక్కి రాస్తాడు. పైన రెండక్షరాల ఊరు. మధ్యలో నాలుగక్షరాల ఊరు. అడుగున మూడక్షరాల ఊరు, నడిమి అక్షరం పక్కన సున్నా. ఆ సున్నా చూడగానే ట్రేలో కప్పులు గలగలమన్నాయి. కళ్ళద్దాలాయన తల తిప్పకుండానే, ముసలావిడకి చేతులు వణుకుతున్నాయండీ, ఇంకో నాలుగు రోజులు పోతే మన ఒళ్ళోనే పోస్తుంది టీ, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని చూస్తారు, చూస్తే నా కళ్ళు బోర్డు మీద ఉన్నాయని తెలిసిపోతుంది. ఆ మూడక్షరాల ఊళ్ళో నా కూతురు ఉంది.

నన్ను ఈ పనిలోకి తీసుకున్నదే చదువు రాదని. మా ఆయన లేతు మిషను మీద పనిచేసే ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారట, అక్షరం ముక్క రాని మనిషి కావాలి, నోరు తక్కువైతే మరీ మంచిది అని. ఆయన ఇంటికి వచ్చి చొక్కా విప్పుతూ, నీ తెలివితక్కువతనానికి ఇన్నాళ్ళకి జీతం దొరికిందే, అన్నాడు. ఆ రోజు పెద్దాయన నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. ఇచ్చింది ఇచ్చినట్టే పట్టుకుని నిలబడ్డాను. చదవమన్నారేమో, చదవకపోతే పని ఇవ్వరేమో అని భయపడి పెదవులు కూడా కదిపాను. గది గదంతా పగలబడి నవ్వింది. కాగితం తలకిందులుగా ఇచ్చారట, నేను తలకిందులుగానే చదువుతున్నానట. ఈమే కావాలి మనకి, అన్నాడు పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ. అప్పటినుంచీ ఈ ఆఫీసులో నా పేరు తలకిందులమ్మ. కొత్తగా ఎవరొచ్చినా ఆ కథ చెప్పి నన్ను చూపిస్తారు, నేను తల వంచుకుని నవ్వుతాను. కథ చెప్పినప్పుడల్లా నా పెదవులు ఇంకాస్త ఎక్కువ కదులుతాయి, ఈ మధ్య చెప్పినప్పుడు నేను పాట కూడా పాడానట. రాసుకునే గుమాస్తాని కూడా అలాగే వెతికి తెచ్చారు. ఆయనకి చెవులు వినబడవు. పుట్టు చెవుడు. నిజమో కాదో అని ఒకసారి ఆయన వెనక ట్రే జారవిడిచాను, చూపు కూడా కదల్లేదు. ఇక్కడి పద్ధతి అది. విన్నవాళ్ళు రాయకూడదు, రాసేవాడు వినకూడదు, తుడిచేదానికి చదువు ఉండకూడదు. ఐదుగురూ మాట్లాడుకుని బోర్డు మీద ఒకటి మిగులుస్తారు, పక్క గదిలోకి వెళ్ళిపోతారు. చెవిటి గుమాస్తా వచ్చి మిగిలినది కాగితం మీద దించి, కవరులో పెట్టి, లక్క వేస్తాడు. ఐదుగురూ కవరు వీపు మీద సంతకం చేస్తారు, లోపలి కాగితం మీద కాదు. రేపు ఎవరైనా ప్రమాణం చేయించి అడిగితే, నేను సంతకం పెట్టిన చోట ఏ పేరూ లేదండీ అని నిజమే చెప్పొచ్చు. కవరు మళ్ళీ విప్పేది విమానం నడిపేవాడు, అదీ ఆకాశంలోకి వెళ్ళాక.

దాన్ని వీళ్ళు బాంబు అనరు. సామాను అంటారు. సామాను వచ్చిందా, సామాను ఎక్కించారా, సామాను బరువెంత. ఇల్లు మారేవాళ్ళు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. పోయిన ఏడాది ఎడారిలో ఒకటి పేల్చి చూసి వచ్చారు, ముక్కుల మీద తోలు ఊడి, పెళ్ళికి వెళ్ళొచ్చినవాళ్ళలా గలగలలాడుతూ. పెద్దాయన అక్కణ్ణుంచి గుప్పెడంత పచ్చ గాజుముక్క తెచ్చుకుని టేబులు మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడు. రోజూ దాన్ని తుడుస్తాను. బాగుందండీ, ఎక్కడ కొన్నారు అని అడిగితే, కొనలేదమ్మా, పొద్దున ఇది ఇసుక, అన్నాడు. ఇసుక గాజు అయిపోయేంత వేడి అని నాకు అప్పుడు తట్టలేదు. మూలలు గుచ్చుకుంటాయి, గుడ్డ చిరుగుతుంది, ఇదే అనుకున్నాను. ఆ తర్వాత పేపరు చుట్టి తెచ్చిన బిస్కెట్ల పొట్లం మీద చదివాను, అణుబాంబు అని. అణు. రెండే అక్షరాలు, కూడబలుక్కోవలసిన పని కూడా లేకపోయింది. అణు అంటే ఏమిటి అని పంతులమ్మని అడిగితే కంటికి కనబడనంత చిన్నది అంది. అవును మరి, రెండక్షరాలే కదా అనుకున్నాను. అక్షరాలు కొత్తగా వచ్చినవాళ్ళకి అలాగే ఉంటుంది, పొడుగు మాట పెద్ద వస్తువు, పొట్టి మాట చిన్న వస్తువు.

వెయ్యాలా వద్దా అన్నది నిన్ననే అయిపోయింది. నిన్నటి టీ పోస్తూ విన్నాను. దగ్గాయన ఒక్కడే అన్నాడు, ముందు చెప్పి వేద్దామండీ, రెండు రోజులు టైమిస్తే జనం ఖాళీ చేసి పోతారు, ఊరు పోతుంది, భయం మిగులుతుంది, మనకి కావలసింది అదే కదా అని. కళ్ళద్దాలాయన కప్పులో చెంచా తిప్పుతూ, "చెప్పి వేస్తే దాన్ని బాంబు అనరండీ, నోటీసు అంటారు," అన్నాడు. నవ్వులు. దగ్గాయన కూడా నవ్వాడు, నవ్వులో దగ్గు వచ్చింది, వేడినీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చేలోపల అందరూ చేతులెత్తడం అయిపోయింది, దగ్గాయన చెయ్యి దింపుతుంటే చూశాను. కెటిల్లో నీళ్ళు కాగేంత సేపు పట్టింది, అంతే. ఇవాళ ఏ ఊరు అన్నది ఒక్కటే మిగిలింది. ఇందాక నేను పంచదార కలుపుతూ వీలైనంత ఆలస్యం చేశాను, ఒక్కో కప్పులో చెంచా పదిసార్లు తిప్పాను. పై ఊళ్ళో జనం రెండింతలున్నారట, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇళ్ళు వదిలేసి పారిపోయి వచ్చినవాళ్ళందరూ అక్కడే చేరి వీధుల్లో పడుకుంటున్నారట, కానీ అక్కడ ఇప్పటికే నాలుగు మామూలు బాంబులు పడ్డాయి, ఏ గోడ ఏ బాంబుకి కూలిందో లెక్క తేలదు. మధ్య ఊరు కొండల సందున ఉంది, ఈ నెలంతా మబ్బు, మబ్బులాయన తాను హామీ ఇవ్వలేనన్నాడు. ఆయన ఎప్పుడూ ఏదీ హామీ ఇవ్వడు, వాన పడుతున్నప్పుడు కూడా పడుతోందని చెప్పడు. అడుగున ఉన్న ఊరు చెక్కు చెదరలేదు. ఇళ్ళు భుజం భుజం రాసుకుని ఉంటాయి, చుట్టూ చదును. మన కోసం దాచిపెట్టినట్టుందండీ, అన్నాడు కళ్ళద్దాలాయన. పెద్దాయన సుద్దముక్కతో ఆ పేరు పక్కన ఒక చుక్క పెట్టాడు. నేను ట్రే ఎత్తుకుని వచ్చేశాను.

దాచిపెట్టినట్టు. ఏటికి అవతల, ఇప్పుడు శత్రువులదైన ఆ వైపు, పిల్లనిచ్చేటప్పుడు మా ఆయన కూడా ఈ మాటే అన్నాడు, మనమ్మాయి కోసమే దాచిపెట్టినట్టున్నారే అబ్బాయిని. అప్పుడు వంతెన మీద బస్సులు తిరిగేవి. అవతలా ఇవతలా ఒకటే మాట, ఒకటే రాత, శత్రువులకి కూడా మన అక్షరాలే. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. నెలకో ఉత్తరం వచ్చేది. మా ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, మౌనంగా చాలాసేపు చదువుకునేవాడు, నేను ఎదురుగా కూర్చుని ఆయన మొహంలో వెతుక్కునేదాన్ని. తర్వాత గొంతు సవరించుకుని చదివేవాడు. ఇక్కడ అందరం క్షేమం. అత్తయ్య బాగా చూసుకుంటోంది. మీ ఆరోగ్యం జాగ్రత్త. అంతే. నాలుగు కాగితాల ఉత్తరం, మూడు ముక్కలు. ఇంతేనా అంటే, "దానివి లావు అక్షరాలే, కాగితాలు తినేస్తాయి," అనేవాడు. నేను నమ్మాను. నా కూతురు లావు అక్షరాలు రాస్తుందని వాళ్ళకీ వీళ్ళకీ గొప్పగా చెప్పుకున్నాను కూడా, చిన్నప్పటినుంచీ దానికి చెయ్యి ధారాళం అని. జవాబు నేను చెబుతుంటే ఆయన రాసేవాడు. నేను చెప్పేది చాలా ఉండేది, ఆయన పెన్ను కొంచెమే కదిలేది. మీవి సన్నక్షరాలా అని అడిగాను ఒకసారి. అవును, అన్నాడు.

ఆయన మూడేళ్ళ కిందట పేపరు చదువుతూ పేపరు మీదే వాలి పోయాడు. ఏడ్చాను, అందరూ వెళ్ళాక ఆ పేపరు మడిచి పెట్టి, పెట్టె తీసి ఉత్తరాలన్నీ బయట పోసుకున్నాను. ఇక చదివి పెట్టేవాళ్ళు లేరు. కింద వాటాలో పంతులమ్మ ఉండేది, ఆమె దగ్గరికి వెళ్ళి బస్సు బోర్డులు చదువుకోవాలమ్మా అన్నాను. పలక కొనుక్కున్నాను, యాభై ఎనిమిదేళ్ళకి. ఆఫీసులో బోర్డు తుడిచిన చెయ్యే ఇంటికి వచ్చి దిద్దేది. పంతులమ్మ నవ్వేది, మీరు రాసేటప్పుడు కూడా తుడుస్తున్నట్టే చెయ్యి ఊపుతారండీ అని. ఏడాది పట్టింది. ఎవరికీ ఇవ్వలేదు, ఒక్క ఉత్తరం కూడా ఆమె చేత చదివించలేదు, నా కూతురి మాట నా కళ్ళే మొదట వినాలనుకున్నాను. మొదటి ఉత్తరం విప్పాను. లావు అక్షరాలు కావు. చీమలు. చీమలబారు, కాగితం అంచుల దాకా, అంచు దాటి పక్కన నిలువుగా కూడా. అమ్మా, మీ అల్లుడు నిన్న ఇస్త్రీపెట్టె వీపు మీద పెట్టాడు, చొక్కా కాలర్ మడత సరిగా రాలేదని. అమ్మా, నన్ను తీసుకుపో. అమ్మా, నాన్నకి చెప్పు. అమ్మా, పాప పుట్టింది, నువ్వు వస్తావని గుమ్మం వైపు చూస్తూ కన్నాను. అమ్మా, నాన్న రాసిన జవాబు అందింది, అది నువ్వు చెప్పిన మాటేనా, వెళ్ళిన చోటే బతుకు, వెళ్ళిన చోటే చావు, మళ్ళీ ఇటు రాస్తే ఉత్తరం విప్పను అని నువ్వే చెప్పావా. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. చదవడం బాగా వచ్చినవాళ్ళు ఒక్క చూపులో దెబ్బ తింటారు. నేను ఇస్త్రీపెట్టె అనే మాట దగ్గర, ఇ, స కి త ఒత్తు, దాని కింద ర ఒత్తు, ఏమిటిది, ఏమిటిది అని పావుగంట కొట్టుకున్నాను. చదవడం వచ్చిందని సంతోషించాను కూడా. ఆ తర్వాత అర్థమైంది.

నాకు మనవరాలు ఉందని నాకు తెలిసేసరికి దానికి ఐదేళ్ళు. అప్పటికి వంతెన మూసేసి రెండేళ్ళు. ఆ తర్వాత యుద్ధం. మా ఆయన ఫోటో గోడ మీదే ఉంది. తీసేద్దామనుకుని తీయలేదు, రోజూ దాని ఎదురుగా కూర్చుని ఒక్కో ఉత్తరం గట్టిగా చదువుతాను. పూర్తిగా చదువుతాను, అంచు మీద నిలువుగా రాసినవి కూడా. వినండి, అంటాను. మీవి సన్నక్షరాలు కదా, వినండి. ఇస్త్రీపెట్టె దగ్గరికి వచ్చినప్పుడు రెండుసార్లు చదువుతాను. చచ్చినవాణ్ణి ఇంకా ఏం చేయాలో నాకు తెలియదు, తెలిస్తే చేసేదాన్ని.

ఆఖరి ఉత్తరం కోటు జేబులో ఉంది, ఎప్పుడూ ఉంటుంది. కవరు మూల మీద ఊరి పేరు రాసేది ప్రతిసారీ, ఆ మూడక్షరాలు చూసి చూసే నేను సున్నా నేర్చుకున్నాను. దీని మీద రాయలేదు. పిట్ట బొమ్మ స్టాంపు కూడా హడావిడిలో తలకిందులుగా అంటించింది, పిట్ట కాళ్ళు పైకి పెట్టి చచ్చిపోయినట్టుంటుంది, దాని మీద నల్లటి ముద్ర. అన్ని కవర్ల మీదా ఉంటుంది ఆ నల్ల మరక. ఏమిటని అడిగితే పంతులమ్మ, స్టాంపు మళ్ళీ వాడకుండా కొడతారండీ అంది. లోపల నాలుగే వాక్యాలు. అమ్మా, ఇంక రాయను. పాపని తీసుకుని పోతున్నాను. ఎక్కడికో చెప్పను, చెబితే నాన్న పట్టుకొచ్చి మళ్ళీ వీళ్ళకే అప్పగిస్తాడు. నీకు కూతురు లేదనుకో. నేను పెద్దగా పట్టించుకోలేదు. పోతున్నాను అని అంతకుముందు మూడుసార్లు రాసింది, మూడుసార్లూ ఆ తర్వాతి నెల ఉత్తరం ఆ గుమ్మంలోంచే వచ్చింది. పసిపిల్లని చంకనేసుకుని ఎక్కడికి పోతుంది, కాలే వీపుతో, చేతిలో ఏమీ లేకుండా. అక్కడే ఉంటుంది. నన్ను తిట్టుకుంటూ ఆ పొయ్యి ముందే ఉంటుంది.

ఆ ఊరు కాలిపోతే నాకేం. నిజం చెప్పాలంటే ఇందాక ఆ చుక్క పెట్టినప్పుడు నాలో ఏదో ఒకటి కుర్చీ లాక్కుని హాయిగా కూర్చుంది. ఆ అత్త, ఆ ఇస్త్రీపెట్టె, ఆ అల్లుడి కాలర్లు, పక్కింట్లో కూర్చుని అరుపులు విని కిటికీ మూసుకున్నవాళ్ళు, పొద్దున ఇసుకలాగా ఉన్నవాళ్ళంతా పచ్చగా, గాజుగా, పెద్దాయన టేబులు మీద. నేను రోజూ వచ్చి తుడుస్తాను. ఆ ఒక్క ఇల్లూ మిగిలి ఊరంతా పోతే ఒప్పుకోను, ఊరంతా మిగిలి ఆ ఇల్లు ఒక్కటీ పోతే బాగుంటుంది, ఆ ఇల్లూ ఊరూ పోయి నా పిల్లా దాని పిల్లా మిగిలితే ఇంకా బాగుంటుంది. సామానుకి ఇవన్నీ చెప్పడం కుదరదు. పేరు ఒక్కటే చెప్పాలి. పాపకి ఏడేళ్ళు ఇప్పుడు. ఏడేళ్ళ పిల్ల ఎలా ఉంటుందో నాకు తెలుసు, వాళ్ళమ్మ ఎలా ఉండేదో గుర్తుంది, ముందు పళ్ళు ఊడి, మాటల్లోంచి గాలి పోతూ. పాప పేరు ఉత్తరంలో ఉంది. నా పేరు పెట్టింది. వెళ్ళిన చోటే చావు అని నేను రాయించానని అనుకుంటూ కూడా నా పేరు పెట్టింది, లేకపోతే ముందే పెట్టేసిందేమో, మార్చడానికి కుదరలేదేమో.

గంట. ఒకటి. రెండు.

లోపలికి వెళ్ళేసరికి లేచి నిలబడి ఉన్నారు, కోట్లు సర్దుకుంటున్నారు. మబ్బులాయన కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు. పెద్దాయన బోర్డు దగ్గరికి వచ్చి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు, పసివాళ్ళకి చెప్పినట్టు, నెమ్మదిగా, "కింది పేరు ఉంచు. పై రెండూ తుడిచెయ్యి," అన్నాడు. కళ్ళద్దాలాయన వెళుతూ వెళుతూ, కింద అంటే తెలుసు కదమ్మా, నేల వైపు, అసలే నీకు అన్నీ తలకిందులు, అన్నాడు. తల ఊపాను. తలుపు పడింది. గుమాస్తా మెట్లెక్కి రావడానికి రెండు నిమిషాలు. గదిలో నేనూ, మూడు ఊళ్ళూ. ఐదుగురూ ఎంత జాగ్రత్త పడ్డారో అప్పుడు తెలిసింది నాకు, ఎవరి చేతికీ అంటకుండా ఎంత దూరం జరిగారో. అంత దూరం జరిగి జరిగి, దాన్నంతా తెచ్చి ఈ గుడ్డలో పెట్టారు. అడుగున ఉన్న పేరు ముందు నిలబడ్డాను. చెయ్యి వణకలేదు. సున్నాని ముందు తుడిచాను, అటూ ఇటూ ఉన్నవి తర్వాత. నల్లటి తడి మిగిలింది. ఇప్పుడు రెండు మిగిలాయి, ఒకటి పోవాలి. పారిపోయి వచ్చినవాళ్ళు వీధుల్లో పడుకుంటున్నారన్నారు పై ఊళ్ళో, జనం రెండింతలన్నారు, ఆ మాట విన్నాను, మరిచిపోలేదు. కానీ చూస్తే ఎంతుంది, రెండక్షరాలు, పొట్ట ఉన్నది ఒకటి, కింద ఒత్తు ఉన్నది ఒకటి, నా అరచేతి కింద మొత్తం పట్టేస్తుంది. నాలుగక్షరాలది ఎంత పొడుగుందో. అంత పొడుగు ఊళ్ళో ఎంతమంది తల్లులుంటారో. చిన్న ఊరు పోతే తక్కువ పోతారు అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా. నాలుగూ తుడిచేశాను. చెయ్యి పంతులమ్మ చెప్పినట్టు రాస్తున్నదానిలాగే కదిలింది. ఆ ఊళ్ళోవాళ్ళు నాకెవరు. ఎవరూ కారు. ఎవరూ కాకపోవడం ఎంత హాయిగా ఉంటుందో ఈ గదిలో కుర్చీలకి తెలుసు, నాకు ఇవాళ తెలిసింది.

చెవిటి గుమాస్తా వచ్చాడు. చుట్టూ ఉన్న తడిని చూడలేదు, మిగిలిన పేరు చూశాడు, రెండు అక్షరాలూ కాగితం మీదికి దించాడు, ఊదాడు, మడిచాడు. లక్క కాచి కవరు మీద చుక్క వేశాడు. పక్క గదికి తీసుకువెళ్ళాడు, తలుపు సందులోంచి చూశాను, పెన్ను చేతులు మారింది, పెద్దాయన, కళ్ళద్దాలాయన, మబ్బులాయన, ఇంకొకాయన, ఆఖరున దగ్గాయన. ఎవరూ కవరు ముందువైపు తిప్పలేదు. గుమాస్తా తిరిగి వచ్చి బోర్డు వైపు చూపించి చేత్తో సైగ చేశాడు, ఇది కూడా. ఆ రెండక్షరాలూ నేనే తుడిచాను. పొట్ట ఉన్నది. ఒత్తు ఉన్నది.

మళ్ళీ ఈ స్టూలు. గుడ్డ కుళాయి కింద జాడించాను, తెల్లటి నీళ్ళు పోయాయి. తర్వాత ఏం జరిగినా జరగనీ. వేరే ఊరు పోయిందేమిటని వీళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు, పైకి అనలేరు, అంటే ఏ ఊరు అనుకున్నారో చెప్పాలి. నన్ను ఉరి తీసినా నా పిల్ల బతికి ఉంటుంది. నన్ను తిట్టుకుంటూ బతికి ఉంటుంది, ఆ తిట్టు చాలు నాకు. ఉత్తరం తీశాను. దాని మొహం చూసినట్టు ఒకసారి చూసి పెట్టేద్దామని. తడి చేతి వేలు స్టాంపు మీద పడింది, పిట్ట మీద పడింది, కాళ్ళు పైకి పెట్టుకున్న పిట్ట. పాపం, నిలబెడదామని కవరు తిప్పాను. పిట్ట నిలబడింది. పిట్ట మీద ఉన్న నల్ల మరక కూడా నిలబడింది. గుండ్రటి గీత, గీత లోపల పైన అంకెలు, అంకెల కింద. పొట్ట ఉన్నది ఒకటి. కింద ఒత్తు ఉన్నది ఒకటి. ఇప్పుడే, ఐదు నిమిషాల కిందట, నా చేతి కింద. తుడవడానికి చూశాను, వేలితో, మళ్ళీ మళ్ళీ. అది పోలేదు. ఇంక్ అది, సుద్ద కాదు. ముద్రలో ఊరి పేరుంటుందని నాకెవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు, మరక అనుకున్నాను, మరకని కూడా చదవాలని తెలియలేదు. పారిపోయి వచ్చినవాళ్ళంతా అక్కడే చేరుతున్నారట. వీధుల్లో పడుకుంటున్నారట. రెండింతలట. ఆ రెండింతల్లో రెండు.

పరుగెత్తాను. వరండా చివర మెట్ల దగ్గర గుమాస్తా, చంకలో తోలుసంచి. అరిచాను. పేరు పెట్టి అరిచాను, ఊరి పేరు, కింది పేరు, ఆ మూడక్షరాల పేరు, అది రాయండి, అదే రాయండి, ఆ ఊరే కావాలి, అని. ఇందాక దాన్ని కాపాడినదాన్ని నేనే. వినబడితే కదా. ఆయన మెట్లు దిగిపోయాడు, ఒక్కో మెట్టూ చూసుకుంటూ, జాగ్రత్తగా. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టి, నీ హద్దు ఇక్కడిదాకేనమ్మా, అన్నాడు. పక్క గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఐదుగురూ కూర్చుని ఉన్నారు, కప్పుల్లో సగం సగం టీ.

"నాకు చదవడం వచ్చండీ," అన్నాను. "పేరు మారిపోయింది. నేనే మార్చాను. పై పేరు వెళ్ళింది, ఆపండి. ఇదిగో, ఇక్కడ ఉంది నా కూతురు, ఇదిగో ముద్ర, చూడండి, నేను చదివి వినిపిస్తాను."

పెద్దాయన నా మొహం చూశాడు, నా చేతిలో కవరు చూశాడు. పిట్ట నిలబడి ఉంది, అందుకని నా కూతురు రాసిన అక్షరాలన్నీ, నా పేరు, మా వీధి పేరు, అన్నీ కాళ్ళు పైకి పెట్టుకుని ఉన్నాయి. ఆయన పెదవి మూల ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. "చూడండి," అన్నాడు, "పన్నెండేళ్ళు. ఇప్పటికీ తలకిందులే." కళ్ళద్దాలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు నవ్వలేక. మబ్బులాయన కూడా నవ్వాడు. కవరు తిప్పి పట్టుకుంటే ముద్ర తిరిగిపోతుంది, తిప్పకపోతే ఉత్తరం తిరిగిపోతుంది, నేను అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను, నా పెదవులు కదులుతున్నాయి, ఆ రెండక్షరాలూ పలుకుతున్నాయి, నవ్వులో వినబడవు. దగ్గాయన ఒక్కడు నవ్వలేదు. ముద్ర వైపు చూశాడు. నా పెదవుల వైపు చూశాడు. చదివాడు, నాకు తెలుసు, చదివేవాళ్ళ కళ్ళు ఎలా ఆగుతాయో నాకు తెలుసు, మా ఆయన ఎదురుగా అన్నేళ్ళు కూర్చున్నాను. కింద ఆవరణలో కారు స్టార్టయింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"వేడినీళ్ళు తీసుకురామ్మా," అన్నాడు.

కెటిల్ కింద మంట ఇంకా సన్నగానే ఉంది. పెద్దది చేశాను. నీళ్ళు కాగడానికి ఎంత సేపు పడుతుందో నాకు తెలుసు.